కోట తలుపుకు ఇటువైపు

ఇరవై రెండో శతాబ్దం వచ్చేసరికి తెనాలి జనం నాటకానికి వెళ్ళే ముందు చేతులు కడుక్కోవడం అలవాటు చేసుకున్నారు. నాటకాన్ని అరచేతులతో కూడా చూసే రోజులవి. ఆ అలవాటు చేసింది హైమవతి. ఆమె కనిపెట్టిన ‘స్పర్శవాహిని’లో కృత్రిమ కండరాల పోగులుంటాయి. వేదిక మీద నటుడు దేన్ని ముట్టుకున్నా ఆ పోగులు బిగిసి, సడలి, వేడెక్కి, అదే స్పర్శను ప్రేక్షకుడి చేతికి అందిస్తాయి.

ఈసారి ఆమె ‘కోట తలుపు’ అనే పాత పద్యనాటకాన్ని ఎంచుకుంది. మహమ్మారి సోకిన ఊరి నుంచి ఒక తల్లి బిడ్డనెత్తుకుని వచ్చి తలుపు కొడుతుంది. ద్వారపాలకుడు గడియ తీయడు. తరతరాల ప్రేక్షకులు వాణ్ణి తిట్టుకుంటూనే ఇళ్ళకు వెళ్ళారు.

హైమవతి ప్రతి కుర్చీకీ ఆ పోగులు పొదిగిన ఒక కొయ్య గడియ అమర్చింది. దాన్ని పట్టుకుంటే తల్లి కొట్టే దెబ్బలూ, ఆమె ఒంటి జ్వరమూ చేతికి తెలుస్తాయి. పదోవంతు మంది గడియ పైకెత్తితే చాలు, వేదిక మీది తలుపు తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఆడడానికి కొత్త రంగం కూడా రాయించింది.

తెరవకపోతే ఏం చేద్దామని తల్లి వేషం కట్టే సలోమి అడిగింది.

“తెరుస్తారక్కా. ఇన్నేళ్ళూ వాళ్ళకి గడియ అందలేదు, అంతే,” అంది హైమవతి.

మొదటి ప్రదర్శనకు హాలు నిండిపోయింది. సలోమి తలుపు కొట్టింది. పక్కగదిలో గడియల కదలికలు చూపే తెర ముందు కూర్చున్న హైమవతికి గడియలన్నీ ఒక్కసారిగా కదలడం కనిపించింది. కానీ కదిలింది కిందికి. జ్వరం వేడి తగలగానే ప్రతి చెయ్యీ గడియను అదిమిపట్టింది. తలుపు తెరుచుకోలేదు. పాత నాటకంలోలాగే సలోమి గుమ్మం బయట కూలిపోయింది.

ప్రేక్షకులు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. ఒక పెద్దాయన హైమవతి చెయ్యి పట్టుకుని, “నేను ఎత్తానమ్మా. మిగతావాళ్ళే ఎత్తలా,” అన్నాడు. ఆయన వెనకున్నావిడా అదే చెప్పింది. అడిగినవాళ్ళూ అడగనివాళ్ళూ అందరిదీ అదే మాట. ఎవరి ముఖంలోనూ అబద్ధం లేదు.

వేడి కాస్త తగ్గించమంది సలోమి. హైమవతి ఒప్పుకోలేదు. లోపం యంత్రంలో లేదు, ముందు ఎత్తే చెయ్యి ఒకటి ఉంటే చాలు, పక్కవాళ్ళు చూసి ఎత్తుతారు అంది. మర్నాడు తానే ముందు వరసలో కూర్చుంది. ఆ వేడి ఉత్త పోగులదని హాలులో ఆమెకన్నా బాగా ఎరిగినవాళ్ళు లేరు.

ఆ రోజూ తలుపు తెరుచుకోలేదు.

ఆట ముగిశాక సలోమి వేషం తీయకుండానే పక్కగదిలోకి వెళ్ళి తెర చూసింది. ఒక్క గడియ కూడా పైకి లేవలేదు. ముందు వరసలో ఒకటి మాత్రం అన్నిటికన్నా గట్టిగా కిందికి దిగి ఉంది.

అంతలో హైమవతి లోపలికొచ్చింది. చెయ్యి చీరకు తుడుచుకుంటోంది. కళ్ళనిండా నీళ్ళు.

“నేను ఎత్తానక్కా,” అంది.

సలోమి ఆమె ముఖంలోకి చూసింది. అక్కడా అబద్ధం లేదు. మెల్లగా వెనక్కి చెయ్యి చాచి తెర ఆర్పేసింది.