పడుగు గంజి

యుద్ధం పుణ్యమా అని కిరసనాయిలు దొరకని రోజులవి. ఎమ్మిగనూరులో కస్తూరమ్మ ఇంట్లో పొద్దుండగానే వంట, పొద్దుండగానే భోజనం. సంగటి దించిన పొయ్యి మీదే స్నానాల నీళ్లు కాగాలి. పత్తికట్టె ఒక్కటి ఎక్కువ కాలినా ఆమె కనిపెట్టేది. "గీకిన అగ్గిపుల్ల, ఒలికిన గంజి తిరిగి రావుమే" అని కోడలిని సాధించేది.

కోడలు సరస్వతమ్మకు ఐదో నెల. ఆ ఉదయం వాకిలి ఊడ్చి వంటింట్లోకి వచ్చింది. మూలనున్న ముంత మూత తీసి అలాగే నిలబడిపోయింది. ముంత ఖాళీ.

నిన్న వీధిలో చాచిన మగ్గం నూలు పడుగుకు పట్టించగా కాస్త జొన్నగంజి మిగిలింది. బూజు పట్టకుండా మొగుడు రామాంజనేయులు అందులో మైలుతుత్తం కలిపాడు. కడుపులోకి పోతే విషం. పారబోస్తే అత్త నోరు ఊరుకోదని, రేపటి పడుగుకు పనికొస్తుందని, సరస్వతమ్మ చేతికందిన ముంతలో పోసి దాచింది. అది తాగే గంజి పెట్టుకునే ముంత అని అప్పుడు తోచలేదు.

పక్కనే ఉప్పుచట్టి మూత తీసి ఉంది. రామాంజనేయులు నూలు కోసం చీకటితోనే ఆదోనికి వెళ్లాడు. ఇంట్లో ఉన్నది అత్త ఒక్కతే.

చెబితే, కోడలు అత్తకు విషం పెట్టిందని వీధంతా అంటుంది. చెప్పకపోతే?

కస్తూరమ్మ పంచలో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ముఖమంతా చెమట.

"అత్తా, ముంతలో గంజి తాగినావా?"

"నేనెందుకు తాగుతా? పిల్లి తాగిందేమో."

"పిల్లి ఉప్పేసుకోని తాగుతాదా?"

"ఏంమే, సీకట్లో తాగిన గుక్కెడు గంజికి నీకు లెక్క సెప్పల్లా?" అంటూనే కస్తూరమ్మ కడుపు పట్టుకుంది.

"అది పడుగు గంజి అత్తా. తుత్తం కలిపింది. నేనే పోసిపెట్టినా."

రాట్నం ఆగింది. కస్తూరమ్మ కోడలి కళ్లలోకి చూసింది.

"నన్ను సంపల్లనేనా?"

సరస్వతమ్మ జవాబు చెప్పేలోపే అత్తకు వాంతి మొదలైంది. పచ్చగా, నీలంగా పడుతోంది. సరస్వతమ్మ ఒక చేత్తో అత్త నుదురు పట్టుకుని, పక్కింటి దేవేంద్రప్పను కేకేసింది. అతను వైద్యుణ్ణి తెచ్చేదాకా అత్త రొమ్ము మీద చెయ్యి తియ్యలేదు. ఆ చేతి కింద గుండె కొట్టుకుంటోందా లేదా అన్నదే లోకమైంది.

వైద్యుడు మజ్జిగ తాగించి, మధ్యాహ్నం దాకా నాడి చూశాడు. "తుత్తమే కక్కించింది, గట్టెక్కింది" అని వెళ్లాడు.

"ఎందుకు తాగినావత్తా? రేత్రి సంగటి తిన్నానంటివి గదా."

"యాడ తిన్నాను? ఉన్న ముద్ద నీకు పెడితిని. రెండు ప్రాణాలు గదా నీవి." కస్తూరమ్మ గొంతు పీలగా ఉంది. "నువ్వు పారబోసి సావకుండా ఎందుకు దాసినావు?"

"నీ నోటికి భయపడి."

కస్తూరమ్మ గోడవైపు తిరిగింది. "ఆ ముంత పగలగొట్టు."

"మంచి ముంత అత్తా."

"పగలగొట్టమంటి గదమ్మా."

అత్త తనను అమ్మా అనడం సరస్వతమ్మ వినడం అదే మొదటిసారి. ముంత పెరట్లో పగిలింది. పెంకుల ముందు కూర్చుని ఆమె కుమిలి కుమిలి ఏడ్చింది.

మర్నాడు పొద్దుండగానే సరస్వతమ్మ అన్నం తినే తట్టలు రెండు పక్కపక్కన పెట్టి, సంగటి ముద్దను సగానికి తుంచింది. కస్తూరమ్మ తన సగాన్ని మళ్లీ కోడలివైపు జరపబోయింది.

"నువ్వు తినత్తా. నేను సూస్తా."

కస్తూరమ్మ మొదటి ముద్ద మింగేదాకా సరస్వతమ్మ తన తట్ట ముట్టుకోలేదు.