తండ్రి విత్తనం

కందుల శాస్త్రవేత్తను పట్టపగలు, సొంత గ్రీన్‌హౌస్‌లోనే కాల్చేశారు. సైలెన్సర్ గన్. విదేశీ ముఠా పని.

“పోయింది మీ బావ. కేసు ఇంకొకరికిస్తాను,” అన్నాడు చీఫ్.

“ఇచ్చి చూడండి!” అన్నాడు ఏజెంట్ గద్ద, పళ్లు కొరుకుతూ.

చీఫ్ కేసు అతనికే ఇచ్చి బ్రీఫింగ్ మొదలెట్టాడు. హైబ్రిడ్ కందిలో ఆడ మొక్కకు పనికొచ్చే పుప్పొడి ఉండదు. సరైన తండ్రి మొక్కతో కలిపితేనే వాటి పిల్లల్లో పుప్పొడి తిరిగొచ్చి కాయ కాస్తుంది. అలా పుప్పొడిని తిరిగి తెచ్చే జన్యువున్న తండ్రి విత్తనం ఒక్క సంచే ఉంది. ముఠా దాని పక్కన అచ్చం అలాంటి సంచే ఇంకోటి చేర్చింది. బావకు అనుమానమొచ్చి రెండిటితోనూ ఆడ మొక్కల్ని కలిపాడు. పుట్టిన పిల్ల మొక్కలు పూతకొచ్చిన రోజే చంపేశారు, దుర్మార్గులు.

“తప్పుడు విత్తనం పొలంలో పడితే, రైతుల చేలు పూతతో కళకళలాడతాయి. కాయ మాత్రం ఉండదు. ఇక ముఠా అమ్మే విత్తనమే గతి!”

ఎలక్ట్రీషియన్ వేషంలో గద్ద గ్రీన్‌హౌస్‌లో అడుగుపెట్టాడు. అక్క అక్కడే ఉంది, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో. పక్కనే బావకు అసిస్టెంటుగా డిపార్ట్‌మెంట్ పెట్టిన అందాల ఏజెంట్, సిల్క్.

“పూత రాలింది,” అన్నాడు గద్ద.

“పిందె నిలిచింది,” కోడ్ పూర్తి చేసింది సిల్క్. “ఎడమ సంచే అసలుది. దాని మొక్కల్లో పుప్పొడి నిండుగా ఉంది, విరగకాశాయి కూడా. పొలానికి పంపేశాను. కుడిది ఫర్నేస్‌కి పంపాను.”

అక్క విసురుగా తిరిగింది. “ఏమన్నావ్? సంచుల్లో గింజలు నేరుగా నాటితే రెండూ కాస్తాయే! చూడాల్సింది తండ్రిని కాదు, పిల్లల్ని! ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదా?”

గద్ద రెండు సంచుల పిల్ల మొక్కలున్న మడుల నుంచీ పువ్వులు తుంచి, నలిపి, మంచి పుప్పొడికే పట్టే ఎర్ర రంగు ద్రావణం చుక్క వేశాడు. పెన్ను మైక్రోస్కోప్ పెట్టాడు. ఎడమ మడిది వట్టి పొట్టు, రంగే పట్టలేదు. కుడి మడి పుప్పొడి ఎర్రగా నిండుగా ఉంది.

సిల్క్ హ్యాండ్‌బ్యాగులోంచి గన్ తీసింది.

“నా మొగుణ్ణి చంపించి, నా చేతి టీ తాగుతావుటే!” అక్క ద్రావణం సీసా ఆమె మొహాన గుమ్మరించింది. గురి తప్పి గుండు అద్దాన్ని పగలగొట్టింది. గద్ద ఆమె చెయ్యి విరిచిపట్టి రేడియోలో అరిచాడు. “విత్తడం ఆపండి! ఫర్నేస్ ఆపండి! ద్రోహి సిల్కే!”

“ఆపాం. సంచి అంచు కమిలింది, గింజలు భద్రం,” అన్నాడు చీఫ్. “వ్యాన్ వస్తోంది. అందులోవాళ్లు సిల్క్‌ని ఎప్పుడూ చూడలేదు, ఎలా గుర్తుపట్టాలి?”

“మొహం ఎర్రగా ఉంటుంది సార్. సిగ్గుతో మాత్రం కాదు.”