నలుసు నిలిచింది

హైదరాబాదు రైలు నరసాపురంలో దిగి అశ్విని ఇల్లు చేరేసరికి, అత్తగారు లోవలక్ష్మి వంటింట్లో బెల్లం పాకంలో తడి బియ్యప్పిండి కలుపుతోంది. ఇల్లంతా యాలకుల వాసన.

"చలిమిడి ఎవరికత్తయ్యా?" అడిగింది అశ్విని, సంచి దించుతూ.

"ఎవరికేంటే, నీకే. కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటివాళ్ళు పెట్టాలి. మీ అమ్మ లేదు కదా, నేనే పెడతాను."

గోడ అవతలి నుంచి పక్కింటి తలుపులమ్మ కేకేసింది. "లోవమ్మా, కోడలొచ్చిందా? ఎన్నో నెలంట?"

అశ్విని తెల్లబోయి, వంటింటి తలుపు దగ్గరున్న భర్త వైపు చూసింది. వెంకటరమణ మెల్లగా అన్నాడు. "నిన్న నీ ఫోన్ ఎత్తింది నేను కాదు, అమ్మ."

అప్పుడు అశ్వినికి అర్థమైంది. సంతోషం పట్టలేక, అవతల ఎవరో కూడా చూసుకోకుండా, "నలుసు నిలిచింది!" అని అరిచి ఫోన్ పెట్టేసింది. లాబ్‌లో తను తయారుచేసే పాలిమర్ రేణువులకు భార్యాభర్తలు పెట్టుకున్న పేరు అది.

"అత్తయ్యా, ఆ నలుసు వేరు. అది నా పరిశోధన."

లోవలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది.

"వీధంతా చెప్పుకున్నానే! ఆ కంటికి కనబడని దుమ్ము కోసం ఇంకెన్నాళ్ళు? ఈ వేసవికి మానేస్తానన్నావు కదా?"

"లాబ్‌లో ఇంకో మూడేళ్ళు చెయ్యమన్నారు. చేస్తానని మీతో చెప్పడానికే వచ్చాను."

"చెప్పడానికా, అడగడానికా? ఈ ఇంట్లోంచి ఒక పిల్ల పోయింది. ఇంకో పిల్ల రావాలనుకోవడం నా తప్పా?"

పోయిన పిల్ల వీరమ్మ, వెంకటరమణ అక్క. రొమ్ములో గడ్డ ఉసిరికాయంత అయ్యేదాకా సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చెప్పిన తరువాత ఏడు నెలలే బతికింది.

అశ్విని సంచిలోంచి ఒక ఫొటో తీసింది. నల్లటి కాగితం మీద ఎలుక ఆకారం, దాని పక్కటెముకల దగ్గర ఒక్క వెలుగు చుక్క.

"నలుసు వెంట్రుక మందంలో వెయ్యో వంతుంటుందండీ. నెత్తురులో తిరిగి తిరిగి, గడ్డ ఉన్నచోట ఆగి వెలగాలి. ఆరేళ్ళుగా ఆగలేదు. అన్నీ కాలేయంలోకే పోయేవి. మొన్న ఆగింది."

"ఆ చుక్క దగ్గర గడ్డ ఎంతుంది?"

"ఆవగింజంత. చేతికి తగలదు."

లోవలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుని, ఫొటో పట్టుకుని గుమ్మంలో వెలుతురులోకి నడిచింది. పెళ్ళికి ముందు ఆమె ఏటిలో రొయ్య పిల్లలు పట్టి చెరువులవాళ్ళకు అమ్మేది. తెల్ల బేసిన్ నీళ్ళలో పోస్తే వాటి ఒళ్ళు గాజులా కనబడకుండా పోయేది. నల్లటి కళ్ళను బట్టే లెక్కపెట్టేవారు.

"రొయ్య పిల్లలాగేనే," అంది నెమ్మదిగా. "ఒళ్ళు కనబడదు. కన్ను దొరికితే పిల్ల దొరికినట్టే. మనుషులకెప్పుడు చేస్తారు?"

"పదేళ్ళు పట్టొచ్చు. ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అసలు కుదరకపోనూ వచ్చు."

"ఆవగింజంత ఉన్నప్పుడే మా వీరమ్మకి..."

చాలాసేపు ఆ చుక్కనే చూసింది. వేలితో తాకబోయి, చెరిగిపోతుందేమోనన్నట్టు వెనక్కి తీసుకుంది.

"ఎన్నో నెలో చెప్పవేంటే!" గోడ అవతలి నుంచి మళ్ళీ కేక.

"ఆరేళ్ళు మోసిందంట! మొన్ననే నిలిచింది!" గట్టిగా బదులిచ్చింది లోవలక్ష్మి.

వంటింట్లోకి వచ్చి, వెచ్చటి చలిమిడి ఉండ చేసి కోడలి అరచేతిలో పెట్టింది.

"ఇంకో మూడేళ్ళు మొయ్యాలిగా. తిను."