గద్వాల సర్వీసు ఎవరిది

"అమ్మేది మీరే మేడం. అమ్మినంక మెయింటెనెన్స్ మా కంపెనీ చూసుకుంటది."

నర్సింహులు ఈ మాట అనడం అది మూడోసారి. గద్వాలలోని తన కంప్యూటర్ షాపులో వసంత స్క్రూడ్రైవర్ కింద పెట్టి అప్పుడు చూసింది అతన్ని. ఈ ప్రాంతంలోని తిమ్మాజిపేట మనిషే. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున ఇక్కడి డీలర్లను చూసుకునే ఉద్యోగం.

"ఆరేండ్ల సంది మీ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న. నా షాపు నడిచేది సర్వీసు మీదనే. అది గుంజుకుంటే నేనేం జెయ్యాలె సార్?"

"నాకు గూడ మంచిగ అనిపిస్తలేదు. కస్టమర్ల లిస్టు తెమ్మన్నరు."

"లిస్టెందుకు? మనుషులనే చూపిస్త, రాండ్రి."

అప్పుడే ధరూర్ నుంచి బాలన్న ఫోన్ చేశాడు. అతని పత్తి మిల్లులో బండ్లు తూచే కాంటా కంప్యూటర్ ఆగిపోయింది. కంపెనీ వాళ్లనడిగితే రేపు చూస్తామన్నారట.

వసంత స్కూటీ తీసింది. వెనక ఎక్కిన నర్సింహులు ఇద్దరి మధ్యా లాప్‌టాప్ బ్యాగును ఎంతో మర్యాదగా పెట్టుకున్నాడు. సగం దారిలో వాన అందుకుంది.

మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. పత్తి తడుస్తోంది. వసంత టేబుల్ కిందికి దూరింది.

"జర టార్చ్ పట్టుండ్రి."

పట్టాడు.

"వైరు మీద సార్. నా మొఖం మీద కాదు."

బాలన్న నవ్వాడు. నర్సింహులు చెవులు ఎర్రబడ్డాయి. అరగంటలో కాంటా నడిచింది. తిరిగొచ్చేటప్పుడు అతను లిస్టు ఊసెత్తలేదు.

పది రోజులకు, లైసెన్సు రికార్డుల్లో పేర్లున్న కస్టమర్లందరికీ కంపెనీ ఉత్తరం వచ్చింది, ఇకపై సర్వీసు నేరుగా తామే చేస్తామని. కింద నర్సింహులు పేరు. షాపు పోతుందన్న దిగులు కన్నా ఆ పేరే ఎక్కువ నొప్పించడం వసంతకే వింతగా తోచింది. అతని ఫోన్లు ఎత్తలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం, తల్లి భీమమ్మ తెచ్చిన సద్ది విప్పుతుండగా అతనే వచ్చాడు, నిలువెల్లా తడిసి.

"నా పేరు నన్నడగకుండనే ఏసిన్రు. హెడ్డాఫీసుకు పోయి ధరూర్‌ల జరిగింది చెప్పిన. సర్వీసు డీలర్లకే ఇడ్వకుంటె నా రాజీనామా తీస్కోమన్న."

కొత్త ఉత్తరం చేతికిచ్చాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో సర్వీసు డీలర్లదే. ఏడాది చూసి ఆ తర్వాత మాట్లాడతారట.

వసంత రెండుసార్లు చదివింది. "ఉద్యోగం పోతే?"

"పల్లి చేనుంది."

"ఇదంత నాకోసమేనా?"

"కొట్లాడింది డీలర్లందరి కోసం." అతను తడిసిన చొక్కా అంచు పిండుకున్నాడు. "కొరియర్ల పంపే కాయితం వానల తడుసుకుంట తెచ్చింది మాత్రం మీకోసం."

భీమమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సద్ది గిన్నె అతని వైపు జరిపింది. "ఆదివారం మీ అమ్మను తోల్కరా నాయినా. మాట్లాడుకుందం."

వసంత తువ్వాలు అందించింది.

"తుడుచుకో," అంది మెల్లగా. "జలుబు చేస్తది నీకు."