అక్క స్వెట్టర్‌లో చిమ్మటలు

మా షాపులోకి ఉన్ని బట్ట ఏదొచ్చినా, అందులో పురుగుంటే చావడానికి, ముందు ఆవిరి పెట్టెలోకే వెళ్లాలి. ఆ తర్వాతే నా బల్ల మీదకి. నేను రఫూ పని చేస్తాను. నా చెయ్యి పడ్డాక చిరుగు ఎక్కడుందో బట్ట తెచ్చినవాళ్లే వెతుక్కోవాలి. ఈ పని నేర్పింది మా అక్క. ఆమెది ఎడమచేతి వాటం. అందుకే ఆమె కుట్టు ఎడమకి వాలుతుంది, నాది కుడికి. ఆ తేడా మా ఇద్దరికే తెలుసు.

అక్క జ్వరంతో పోయాక ఆమె కూతురు నా దగ్గరే ఉంటోంది. దాన్ని అందరం పిచ్చుక అంటాం. అమ్మ నీలం స్వెట్టర్ మొహానికి ఆనించుకుంటేనే దానికి నిద్ర పడుతుంది, లేకపోతే తెల్లవార్లూ పైకప్పు చూస్తూ పడుకుంటుంది. ఆ స్వెట్టర్‌ని మాత్రం నేను ఆవిరి పెట్టెలో పెట్టలేదు. పెడితే అక్క వాసన పోతుంది. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే నేనే ఇంట్లో పాటించలేదు.

చిమ్మటకి కావలసిందీ ఆ వాసనే. శుభ్రంగా ఉతికిన ఉన్ని దానికి రుచించదు, ఒంటి చెమట ఉండాలి. బియ్యపు గింజంత ఉంటుంది, రెక్కలు బంగారు రంగు. దీపం చుట్టూ తిరిగే రకం కాదు, వెలుతురు పడితే మడతల్లోకి పరుగెడుతుంది. రెక్కలొచ్చాక అది ఏమీ తినదు. గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, అంతే. తినేదంతా పిల్లే. ఆ తెల్లటి సన్నని పురుగు ఉన్ని గానీ బొచ్చు గానీ వెంట్రుకలు గానీ ఏది దొరికితే అది కొరికి, దాంతోనే చుట్టూ గూడు అల్లుకుంటుంది. ఎర్ర ఉన్ని తింటే ఎర్ర గూడు. గూడు చూసి ఏ బట్ట పాడైందో చెప్పేయొచ్చు.

ఆ రోజు వాన. సాయంత్రానికే గది చీకటిగా ఉంది. బీరువా తెరిస్తే అక్క వాసన వచ్చింది. సబ్బు, సుద్దముక్క, కాస్త చెమట. దాని కింద తడి దుమ్ములాంటి వాసన ఇంకోటి. ఒక చిమ్మట నా వేళ్ల మీదుగా నడిచి స్వెట్టర్ మడతలోకి పోయింది. ఏడుపు రావాలేమో. రాలేదు. అక్క పోయినప్పటి నుంచీ ఇంతే, మనసు మొద్దుబారిపోయింది.

స్వెట్టర్ పరిచి చూశాను. గూళ్లున్నాయి. నీలంగా లేవు... నల్లగా ఉన్నాయి.

చిల్లులు లేవు. ఉండాల్సిన చోటల్లా రఫూ చేసి ఉంది. సన్నటి నల్లటి పోగులతో. కుట్టు ఎడమకి వాలి ఉంది... మెడ దగ్గర ఒక్క చిల్లు మాత్రం సగం పూడి ఆగింది.

వెనక తలుపు కిర్రుమంది. పిచ్చుక.

"ఇది ఎవరు కుట్టారే?" అడిగాను.

"అమ్మ."

"దారం ఎక్కడిది?"

అది వెనక్కి తిరిగి జుట్టు పైకెత్తింది. మెడ పైన అరచేయంత మేర నున్నగా ఉంది. కత్తిరించినట్టు లేదు. కొరికినట్టుంది.

"అడిగింది, ఇచ్చాను. నొప్పి పుట్టలేదు పిన్నీ."

స్వెట్టర్ పట్టుకుని షాపులోకి నడిచాను. పిచ్చుక నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దు పిన్నీ. అమ్మ అందులో ఉంది."

నేను స్వెట్టర్‌ని పెట్టెలో పడేసి, మూత వేసి ఆవిరి వదిలాను. నీళ్లు మరిగే చప్పుడు. తర్వాత లోపలి నుంచి ఇంకో చప్పుడు. కత్తెర తెరిచి మూసినట్టు... మళ్లీ... ఆగిపోయింది.

తీసి చూస్తే పురుగులన్నీ చచ్చాయి. వాసన లేదు. ఉత్త ఉన్ని. అక్కని ఈసారి నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. అయినా కంట్లో చుక్క రాలేదు. పిల్ల దక్కితే చాలనుకున్నాను.

ఆ రాత్రి పిచ్చుక స్వెట్టర్ అడగనేలేదు. నా మెడకి మొహం ఆనించి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. నేనూ నిద్రపోయాను, అక్క పోయాక మొదటిసారి.

పొద్దున స్వెట్టర్ మడత పెట్టబోయాను. మెడ దగ్గర చిల్లు పూర్తిగా పూడింది. కుట్టు ఎడమకే వాలింది. నల్ల పోగుల మధ్య అక్కడక్కడా తెల్లవి... పిచ్చుక తలలో తెల్ల వెంట్రుకలు లేవు.

నా చెయ్యి మెల్లగా మెడ వెనక్కి వెళ్లింది. నున్నగా తగిలింది. నొప్పి లేదు.

పిచ్చుక లేచి కూర్చుంది. పెదవికి అంటుకున్న తెల్ల వెంట్రుకని వేలితో తీసేసుకుంటూ, "నిన్నూ అడిగిందా పిన్నీ?" అంది.

నన్నెవరూ అడగలేదు.