వెలగని ఎలుకలు

"జంట పోయింది. పొద్దున ఎనిమిదింటికి," అన్నాడు చీఫ్. "మధ్యాహ్నం రెండున్నరకు వాళ్ళ విమానం. ఈలోగా వెనక్కి రావాలి."

ఏజెంట్ ఫార్టీటూ కుర్చీ అంచున కూర్చుని విన్నాడు. పోయింది రెండు ఎలుకలు. ఎత్తుకెళ్ళింది స్కార్ఫ్ మేడమ్. ఆవిడ డిపార్ట్‌మెంట్‌కూ విదేశీ ముఠాకూ ఒకేసారి పనిచేస్తోందని ఆర్నెల్లుగా ఆఫీసంతటికీ తెలుసు. ఆవిడ సెంటు వాసన తగలగానే నిలదీయాలనుకున్నవాళ్ళ నోరు పెగిలేది కాదు.

"రిపోర్టర్ ఎలుకలట. చీకట్లో పచ్చగా మెరుస్తాయట," అన్నాడు చీఫ్. ఆయన ముందున్న ఫైలుకు కట్టిన తాడు ఇంకా విప్పలేదు.

ఫార్టీటూ అక్కడినుంచి తిన్నగా ల్యాబ్‌కు వెళ్ళాడు. ఎలుకల గదిలో స్టీలు అరల మీద ప్లాస్టిక్ బోనులు వరుసగా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం బోను లేదు. దాని కార్డు మాత్రం అరకు వేలాడుతోంది. కార్డు మీద ఎవరో మగమనిషి గుండ్రటి చేతిరాత. ల్యాబ్ నడిపే డాక్టరమ్మ ఆ వైపు చూడకుండా మాట్లాడుతోంది.

"మెరుస్తాయని ఎవరన్నారు నాయనా? పైకి మామూలు నల్ల ఎలుకలే. ఆకలి హార్మోన్‌ను పసిగట్టే కణాలు మెదడులో కొన్ని ఉంటాయి. ఎక్కడున్నాయో రిపోర్టు ఇచ్చినట్టు అవి మాత్రమే పచ్చగా కనిపించేలా జన్యువు మార్చాం. అదైనా మెదడును పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెడితేనే. మా పరిశోధన పేపర్లో మొదటి పేజీలోనే రాశాం."

"ఇంకో జంట లేదా అమ్మా?"

"రోగమొచ్చి అన్నీ పోయాయి. ఇవే మిగిలాయి. ఆడది కడుపుతో ఉంది. మావారి పదకొండేళ్ళ పని. ఆయనా లేరు. ఇవి పోతే ఇక ఏమీ లేదు."

ఓదార్పు మాటలు ఫార్టీటూకు చేతకావు. మామూలు నల్ల ఎలుకలు రెండు ఇమ్మన్నాడు. ఆమె బల్ల మీది పచ్చ హైలైటర్ పెన్ను అడిగాడు.

లంచం తిన్న బోనుల పనివాడు పక్కగదిలో ఏడుస్తూ కూర్చున్నాడు. హోటల్ గది నంబరు, కోడ్ మాట అన్నీ చెప్పేశాడు. వాడి గౌను, టోపీ, మాస్కు ఫార్టీటూ తొడుక్కున్నాడు.

పది ముప్పావుకు ఏడో అంతస్తులో తలుపు తట్టాడు.

"పొట్టు తెచ్చాను."

"తడిదా, పొడిదా?" లోపలినుంచి స్కార్ఫ్ మేడమ్ గొంతు.

"పొడిదే."

తలుపు తెరుచుకుంది. ఎలుకల గదిలో అందరూ మాస్కుల్లోనే తిరుగుతారు. తాను డబ్బిచ్చి కొన్న మనిషి ముఖం ఆవిడ ఏనాడూ చూడలేదు. చూడదగ్గ మనిషని అనుకోలేదు.

కర్టెన్లు మూసి గది చీకటి చేశారు. ఆవిడ లిప్‌స్టిక్‌లో కెమెరా, హ్యాండ్‌బ్యాగులో గాలి రంధ్రాలున్న దొంగ అర. ఇన్ని హంగులున్న ముఠాలో ఆ మొదటి పేజీ తిరగేసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. సూటు వేసుకున్న వాళ్ళ దొర నీలం టార్చి పట్టుకుని డబ్బాలోని ఎలుకల మీద వేస్తున్నాడు.

"ఇవి వెలగడం లేదేం? ఎవరిని మోసం చేద్దామని?"

స్కార్ఫ్ మేడమ్ ముఖం పాలిపోయింది.

"మేడమ్ తొందరలో పక్క బోను తీసుకున్నారు సార్," అన్నాడు ఫార్టీటూ వంగి వంగి. "అసలైనవి ఇవిగో."

దొర టార్చి ఇటు తిప్పాడు. రెండు ఎలుకల చెవులు, తోకలు, పాదాలు పచ్చగా భగ్గుమన్నాయి. అదే వెలుగులో ఫార్టీటూ వేళ్ళు కూడా.

దొర కళ్ళు చిట్లించాడు. "నీ వేళ్ళకేమిటది?"

ఫార్టీటూ వేళ్ళు గౌనుకు తుడుచుకున్నాడు. "రోజూ పట్టుకుంటాం కద సార్. అంటుకుంటుంది. ఎంత కడిగినా పోదు."

దొర ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత అన్నీ తెలిసినవాడిలా తలపంకించాడు. "పవర్‌ఫుల్ జీన్!"

"చాలా పవర్‌ఫుల్," అంది స్కార్ఫ్ మేడమ్ వెంటనే.

జన్యువులు చేతికి అంటుకుంటాయని నమ్మినవాడు ఒక దేశపు రహస్య పరిశోధనకు పెద్ద. ఫార్టీటూకు నవ్వు రాలేదు. అసహ్యం వేసింది.

"ఆ చచ్చువాటిని బాత్రూంలో వేసి నీళ్ళు వదులు," అన్నాడు దొర. బాడీగార్డు డబ్బా తీసుకుని కదిలాడు. మూత తీసి వంచుతున్నాడు.

"వద్దు సార్!" ఫార్టీటూ కాళ్ళమీద పడినంత పని చేశాడు. "బోను ఖాళీగా కనిపిస్తే మా డాక్టరమ్మగారు పోలీసుల్ని పిలుస్తారు. మిమ్మల్ని విమానం ఎక్కనివ్వరు. ఏవో రెండు అందులో పడుండాలి కదండీ."

ఆడ ఎలుక డబ్బా అంచు దాకా జారింది. దొర వాచీ చూసుకున్నాడు.

"ఇచ్చెయ్. దరిద్రం వదిలింది."

ఇరవై నిమిషాల్లో డబ్బా డాక్టరమ్మ చేతిలో ఉంది. ఆమె గుర్తు కోసం రెంటి చెవులకు పెట్టిన గంట్లు చూసింది. ఆడదాని పొట్ట మెల్లగా తడిమింది. వాటిని శుభ్రమైన బోనులో వదిలి, దాన్ని అరలో పెట్టి, ముందున్న కార్డును సరిచేసింది. తర్వాత ఫార్టీటూ వైపు తిరిగింది.

"చేతులు కడుక్కో నాయనా."

సాయంత్రం చీఫ్ బల్ల మీద గుద్దాడు. "ముఠా మొత్తం ఒకే గదిలో దొరికితే విమానం ఎక్కనిచ్చావా? ఆవిడతో సహా? ఎందుకు పట్టుకోలేదు?"

"పట్టుకుంటే వాళ్ళ బదులు ఇంకొకళ్ళని పంపుతారు సార్," అన్నాడు ఫార్టీటూ. "ఆ వచ్చేవాళ్ళు చదువుకున్నవాళ్ళైతే కష్టం."