అత్తయ్య తాడు

మా ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. పక్కన అపార్ట్‌మెంటు లేచినప్పటినుంచీ ఇదే వరస. నేను బట్టలు కుడతాను. ఏది నల్లదారమో ఏది ముదురు నీలమో తెలియాలంటే రీలు పట్టుకుని వీధిలోకి వెళ్ళి, ఎండ ఎక్కడ పడుతోందో వెతుక్కుని చూసి రావాలి. మాకు రావలసిన ఎండంతా ఐదో అంతస్తులో మా తోటికోడలి బాల్కనీలో పడుతుంది. అది ఆ ఎండని ఏం చేసుకుంటుందనుకున్నారు? పరదాలు వేసి ఆపుకుంటుంది. మరీ ఎక్కువగా ఉందట.

ఆ అపార్ట్‌మెంటు లేచిన చోటు ఒకప్పుడు మా ఇంట్లో సగం. మా అత్తయ్య కాపురానికి వచ్చినప్పుడు ఇదంతా పొలాలేనట. తర్వాత ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీ వెనకాల బస్సు, బస్సు వెనకాల జనం. మేం ఉన్నచోటే ఉన్నాం, పట్నమే నడుచుకుంటూ వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. అత్తయ్య పోయాక అన్నదమ్ములిద్దరూ ఇంటిని నిలువునా పంచుకున్నారు. ఆవిడ గది మరిది వాటాలోకి పోయింది. మరిది తన వాటా బిల్డరుకిచ్చి ఫ్లాటు తీసుకున్నాడు. మమ్మల్నీ అడిగారు. మా ఆయన తలూపాడు కూడా. నేనే ససేమిరా అన్నాను. తోటికోడలు ముందు సరేనన్నది కదా, ఇక దాని వెనకాల నేను నడవడమేమిటి? నా ఒంటికి పడదు.

దాని ఫలితం అనుభవిస్తూనే ఉన్నాను. వాళ్ళు లోతుగా బోరు వేసుకున్నారు, మా బోరు ఎండిపోయింది. మా ఆయన నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. ఊరందరికీ నీళ్ళు పోసి, పొద్దుపోయాక రెండు బిందెలు ఇంటికి మోసుకొస్తాడు.

అత్తయ్య సంగతి చెప్పాలి. చివరి రోజుల్లో ఆవిడకి చూపు పూర్తిగా పోయింది. నేనే ఒక ఉపాయం చేశాను. మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా, గోడ వెంబడి, నడుమెత్తున, బట్టలారేసుకునే నీలం తాడు కట్టాను. మలుపు దగ్గర ఒక ముడి. గడప దగ్గర రెండు. ఆవిడ ఎడమచెయ్యి తాడు మీద జార్చుకుంటూ నడిచేది. రెండు ముళ్ళూ తగలగానే ఆగి, "గడపేనా, పెద్దమ్మాయ్?" అని అడిగేది. "గడపే అత్తయ్యా" అనేదాన్ని. స్నానం నేనే, మందులు నేనే, పక్క తడిస్తే ఉతికేదీ నేనే. చిన్నది, అదే నా తోటికోడలు, సాయంత్రం తయారై వచ్చి ఆవిడ పక్కన కూర్చుని సీరియల్ కథ చెప్పేది. చుట్టాలెవరైనా వస్తే ఆవిడ ఏమనేదో తెలుసా? "మా చిన్నమ్మాయి మాట వింటే ప్రాణం లేచొస్తుంది" అనేది. చాకిరీ నాది, పేరు దానిది.

పోయిన నెల ఒకరోజు చిన్నది మా ఇంటికి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, ఒక మాట చెప్తాను. నవ్వకు."

"చెప్పు."

"మా ఇంట్లో అత్తయ్య తిరుగుతోంది."

నేను కత్తెర కింద పెట్టాను.

"లైట్లు వేసే వేళకి వస్తుందక్కా. గోడమీద అరచెయ్యి జారుతున్న చప్పుడు. మూల దగ్గర ఆగుతుంది. గడప దగ్గర ఆగుతుంది. ఆవిడ కీళ్ళకి రాసుకునే మందు వాసన ఇల్లంతా... నిన్నయితే నా పక్కన పరుపు కుంగింది." గొంతు తగ్గించింది. "ఆవిడ గది ఉన్నది అక్కడే కదా. కింద గది లేకపోయేసరికి పైకి వచ్చేసిందేమో."

అందరికీ దెయ్యం మాట వింటే భయమేస్తుంది. నాకు కడుపు మండిపోయింది. బతికున్నన్నాళ్ళూ నా చేతులమీద బతికి, చచ్చాక దాని దగ్గరికా? మెట్లెక్కలేని మనిషి, లిఫ్టెక్కి మరీ వెళ్ళిందా? అన్నీ దానికే. ఎండ దానికే, నీళ్ళు దానికే, చివరికి చచ్చిపోయిన అత్తగారు కూడా దానికే.

ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. పాపం, ఆవిడ కావాలని వెళ్ళి ఉండదు. కళ్ళు లేని మనిషి, పట్టుకోవడానికి తాడు లేక దారి తప్పింది, అంతే. దారి కడితే వస్తుంది. ఆవిడకి దారి కట్టడం ఈ లోకంలో నా ఒక్కదానికే తెలుసు.

నీలం తాడు పెట్టెలో దాచే ఉంచాను. కానీ అది ఒక గదికి సరిపోయే తాడు, ఐదంతస్తులకి ఏం చాలుతుంది? అపార్ట్‌మెంటు సెల్లారులో, లిఫ్టు గుంట వెనక, ఒక తాడు చుట్ట పడి ఉండటం అంతకుముందే చూశాను. వెళ్ళి ఎత్తాను. సిమెంటు అంటుకుని బిరుసెక్కి ఉంది. వాచ్‌మన్ దూరం నుంచే చూశాడు.

"అది కట్టుబడివాళ్ళదమ్మా. దానివాడు ఇంకా వచ్చి తీసుకెళ్ళలేదు."

"ఇంకేం వస్తాడులే" అన్నాను. వాడు తల తిప్పుకుని టీ తాగడానికి పోయాడు.

చిన్నది లేనప్పుడు దాని గుమ్మం గ్రిల్లుకి ఒక కొస కట్టాను. అక్కడినుంచి మెట్ల కడ్డీ వెంబడి కిందికి దింపాను. లిఫ్టుండగా మెట్లెక్కే పిచ్చివాళ్ళెవరు, ఎవరి కంటా పడలేదు. మలుపు మలుపుకీ ఒక ముడి వేశాను. మా ప్రహరీ దాటించి, మా గుమ్మం దగ్గర దానికి నీలం తాడు కలిపాను. గడప దగ్గర రెండు ముళ్ళు. నీలం తాడు కొస నా మంచం కోడుకి కట్టాను.

సాయంత్రమైంది. సరిగ్గా లైట్లు వేసే వేళకి కరెంటు పోయింది. అపార్ట్‌మెంటులో జనరేటరు మొదలైంది. మా ఇంట్లో నా చెయ్యి నాకే కనబడటం లేదు. తలుపు తీసిపెట్టి మంచంమీద కూర్చుని, తాడు మీద రెండు వేళ్ళు ఆనించి ఉంచాను. వీధిలో హారన్లు. పైన ఎవరిదో టీవీ.

తాడు బిగిసింది.

మళ్ళీ వదులైంది... మళ్ళీ బిగిసింది. ఎవరో పట్టుకున్నారు. ఒక మలుపు. ఆగింది. ఇంకో మలుపు. ఆగింది. దిగుతోంది.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే. "రా అత్తయ్యా, రా" అని గొణుగుతున్నాను.

ప్రహరీ గేటు కిర్రుమంది. చెయ్యి జారుతున్న చప్పుడు దగ్గరికొచ్చింది. గరగర... గరగర... ముసలావిడ చెయ్యి అంత మొరటుగా ఉండేదా? ఏమో. రెండు ముళ్ళ దగ్గర ఆగింది.

గడపేనా అని అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు.

నేనే చెప్పాను. "గడపే అత్తయ్యా."

గడప దాటింది.

కీళ్ళమందు వాసన కోసం గట్టిగా పీల్చాను. తడి మట్టి వాసన. తడి సిమెంటు వాసన. నా పక్కన మంచం కుంగింది. బాగా కుంగింది. అత్తయ్య ఎముకల గూడు, ఇంత బరువెక్కడిది... అయినా నా సంతోషం నాది. వచ్చింది. దాన్ని వదిలేసి నా దగ్గరికి వచ్చింది.

ఒళ్ళో ఫోను మోగింది. చిన్నది. గెలిచినట్టుగా ఎత్తాను.

"అక్కా..." గుసగుసగా అంది. "అత్తయ్య వచ్చింది. ఇప్పుడే. నా పక్కనే కూర్చుంది."

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"ఈరోజు మాట్లాడుతోందక్కా. నిన్ను అడుగుతోంది."

"ఏమని?"

"పెద్దమ్మాయి ఎవరికి దారి కట్టింది, అని."

ఫోను వెలుతురు నా మోకాళ్ళ దాకా పడుతోంది. పక్కకి తిప్పితే కనబడేది. తిప్పలేదు. నా చేతిమీద ఇంకో చెయ్యి పడింది. చల్లగా. గరుకుగా...

కరెంటు వచ్చేసరికి ఎవరూ లేరు. దుప్పటిమీద బూడిదరంగు తడి ఉంది. తెల్లారేసరికి అది గట్టిపడింది.

పొద్దున్నే వెళ్ళి వాచ్‌మన్‌ని నిలదీశాను. వాడు నావైపు చూడకుండా చెప్పాడు. పునాది గుంట తవ్వేటప్పుడు ఒక కూలివాడు ఆ తాడు పట్టుకునే లోపలికి దిగాడట. మట్టి కూలింది. తాడొక్కటే పైకి వచ్చింది. సొంతూరు వెళ్ళిపోయాడని అందరికీ చెప్పి, మర్నాడే కాంక్రీటు పోసేశారట. ఎక్కడినుంచో పని వెతుక్కుంటూ వచ్చినవాడు, అడిగేవాళ్ళెవరూ లేరు.

వారం తిరిగేసరికి చిన్నది వచ్చి నా చేతులు పట్టుకుని బతిమాలింది. "ఆ తాడు విప్పెయ్యక్కా. నీకు దణ్ణం పెడతాను. అత్తయ్య కూడా రోజూ అదే చెబుతోంది."

రోజూ చెబుతోందట. చూశారా, దానితో రోజూ మాట్లాడుతోంది. నాకు చెప్పాలంటే మళ్ళీ అది మధ్యలో ఉండాలి. విప్పుదామనుకున్నదాన్ని ఆ ఒక్క మాటతో ఆగిపోయాను. ఎవరైతేనేం. ఐదంతస్తులు దిగి, ఏ గుమ్మం దగ్గరా ఆగకుండా, రోజూ నా దగ్గరికే వస్తున్నాడు. ఉలుకూ పలుకూ లేకుండా నా పక్కన కూర్చుంటున్నాడు. నా పక్కన అలా కూర్చున్నవాళ్ళు ఈ ఇంట్లో ఎవరున్నారు?

ఇవాళ పొద్దున్న మంచం కింద ఊడుస్తుంటే చూశాను. నేను మంచం కోడుకి కట్టిన కొస అక్కడ లేదు. తాడు ఇంకా ముందుకు సాగి ఉంది. గోడ వెంబడి, నడుమెత్తున, వెనక తలుపులోంచి పెరట్లోకి. మలుపు దగ్గర ఒక ముడి ఉంది. గడప దగ్గర రెండు. పట్టుకుంటూ వెళ్ళాను. అపార్ట్‌మెంటు గోడ అడుగున, నేలలో పోసిన కాంక్రీటులోకి దిగిపోయింది. చీలిక లేదు, సందు లేదు.

మెల్లగా లాగి చూశాను. అటునుంచి కూడా మెల్లగా లాగారు.

భయం వేయలేదని అబద్ధం చెప్పను. కానీ ఇంతవరకూ నాకోసం దారి కట్టినవాళ్ళు ఎవరూ లేరు. చిన్నదానికి కూడా ఎవరూ కట్టలేదు.

లైట్లు వేసే వేళైంది. వేయడానికి లేవాలి. ఇదంతా చెబుతున్నంతసేపూ నా ఎడమచెయ్యి తాడు మీదే ఉంది. ఆ చెయ్యి ఎప్పుడు వేశానో గుర్తు రావడం లేదు.